పక్క స్థలంలో ఏం కట్టబోతున్నారు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో భవన అనుమతులకు ప్లాన్లు గీసే పని నాది. పక్క నిర్మాణం గురించి అడగడానికి కాలనీల వాళ్లు సాధారణంగా రెండో శ్లాబు పడ్డాకనే నా దగ్గరికి వస్తారు. ఆ ఆలస్యానికి కారణం కొన్ని నమ్మకాలు.

అపోహ: పెద్ద భవనం కట్టేముందు ఇరుగుపొరుగుకు నోటీసు వస్తుంది.

వాస్తవం: రాదు. 2020 నాటి టీఎస్ బీపాస్ (తెలంగాణ భవన అనుమతుల) చట్టం ప్రకారం, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణపై వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించినవాటికి 21 రోజుల గడువు ఉంటుంది, ఆలోగా కార్యాలయం ఏ సంగతీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఈ అనుమతులకు 2025 నుంచి బిల్డ్ నౌ అనే కొత్త ఆన్‌లైన్ వ్యవస్థ వచ్చింది. నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి, కానీ భవనాలకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. అయితే ఆ దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ పోర్టల్ పరివేష్‌లో ఎవరికైనా కనిపిస్తుంది. నీటి అవసరం, పార్కింగు లెక్కలు అందులోనే దొరుకుతాయి.

మాస్టర్ ప్లాన్‌లో భూ వినియోగం మార్చేటప్పుడు మాత్రం పత్రికల్లో ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు కోరతారు. అందులో స్థలాన్ని సర్వే నంబరుతో గుర్తిస్తారు గనుక, మీ చుట్టుపక్కల సర్వే నంబర్లు తెలియకపోతే ఆ ప్రకటన కళ్లముందున్నా పట్టుకోలేరు.

అపోహ: మా వీధిలో అన్నీ రెండంతస్తుల ఇళ్లే, అంతకు మించి రావు.

వాస్తవం: నేను ఎక్కువగా వినేది, ఎక్కువ నష్టం చేసేది ఇదే. 2006 నిబంధనలు మన నగరంలో ఎఫ్ఎస్ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న లెక్క) పరిమితిని తీసేశాయి. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. అందువల్ల ఒక స్థలంలో ఎంత ఎత్తు లేవాలన్నది ప్రధానంగా ఆ స్థలం విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాకులు నిర్ణయిస్తాయి తప్ప, పక్క ఇళ్ల ఎత్తు కాదు. అన్నదమ్ములు పంచుకున్న రెండు ప్లాట్లను ఒక బిల్డరు డెవలప్‌మెంటుకు తీసుకుని కలిపేస్తే, విడివిడిగా రాని అంతస్తులు వస్తాయి. కాబట్టి టేపు పట్టుకుని మీ రోడ్డు కొలవండి, మాస్టర్ ప్లాన్‌లో అది విస్తరణకు గుర్తించి ఉందేమో చూడండి. పక్కన ఏం రావచ్చో చాలా వరకు అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: రెరా నంబరు ఉంటే అన్నీ సక్రమమే.

వాస్తవం: రెరా అంటే స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే చట్టం, అది కొనుగోలుదారు కోసం పుట్టింది. 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ వచ్చే ప్రాజెక్టు అందులో నమోదు కావాలి. పొరుగువారికి అది పనికొచ్చేది వేరే విధంగా: మంజూరైన ప్లాను, ఫ్లాట్ల సంఖ్య, పూర్తి చేయాల్సిన తేదీ రెరా వెబ్‌సైట్‌లో చూడవచ్చు. తర్వాత టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) కొని అంతస్తు పెంచుకుంటూ సవరించిన ప్లాను తీసుకోవచ్చు కనుక ఒకసారి చూసి వదిలేయకూడదు.

అపోహ: చెరువు ఎండిపోయింది, ఇక అక్కడ ఆంక్షలుండవు.

వాస్తవం: నీళ్లున్నా లేకున్నా ఎఫ్టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే పూర్తి మట్టం) హద్దే లెక్క. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే భవనాలు కట్టకుండా వదలాల్సిన జాగా.

అపోహ: అనుమతి వచ్చేసింది, ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: తప్పుడు వివరాలతో పొందిన అనుమతిని రద్దు చేయవచ్చు. ప్లాను నకలు ఆన్‌లైన్‌లో దొరకకపోతే సమాచార హక్కు కింద అడగండి; మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. సరిహద్దు తగాదా మాత్రం సివిల్ కోర్టుకే వెళ్లాలి, ఎందుకంటే నిర్మాణ అనుమతి ఆ స్థలంపై ఎవరికీ హక్కు కట్టబెట్టదు.

అపోహ: సెల్లార్ తవ్వేది వాళ్ల స్థలంలోనే కదా.

వాస్తవం: మట్టి జారితే ముందు బీటలు వారేది మీ ప్రహరీ. జేసీబీ దిగకముందే మీ గోడలు, పునాది, సంపు ఫొటోలు తేదీ పడేలా తీసి, ఇప్పటికే ఉన్న పగుళ్ల పక్కన స్కేలు పెట్టి మరీ తీసి, ఒక ప్రతిని బిల్డరుకు లిఖితపూర్వకంగా ఇచ్చి సంతకం తీసుకోండి. వానాకాలంలో తవ్వకం మొదలైతే మున్సిపల్ టౌన్ ప్లానింగ్ సిబ్బందికి వెంటనే చెప్పండి.