దొంగతనం జరగ్గానే పాత లిస్టు ఎందుకు తీస్తారు? మన పక్క అరెస్టుల వెనకున్న చరిత్ర

ఊర్లో ఒకింట్లో బంగారం పోయిందంటే చాలు, ఫలానా కాలనీ వాళ్ల పనే అయ్యుంటదనే మాట ముందు పుడతది, కేసు కట్టేది ఆ తర్వాత. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎరుకల, యానాది ఇళ్లల్లో పెద్దోళ్లని కదిలిస్తే ఈ బాధ చెప్పుకోనోళ్లు తక్కువ. ఇది ఏదో ఒక ఎస్సై బుద్ధి వల్ల వచ్చింది కాదు, ఒకప్పుడు చట్టమే, క్రిమినల్ ట్రైబ్స్ చట్టం, కొన్ని కులాల్ని పుట్టుకతోనే నేరస్తులని రాసి లిస్టు పెట్టింది, ఆ చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటినా అలవాటు మాత్రం పోలేదు. అరెస్టుకి ఇప్పుడున్న రూల్స్ యాడ నుంచి వచ్చాయో తెలిస్తే స్టేషన్ గడప దగ్గర నిలబడ్డప్పుడు ఏం అడగాలో కూడా తెలుస్తదని ఇది రాస్తున్నా.

1859కి ముందు మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే మన నెల్లూరు కూడా అందులోదే, పోలీసు అని విడిగా ఒక డిపార్ట్‌మెంట్ లేదు. శిస్తు వసూలు చేసే తాసిల్దారే నేరాలు కూడా చూసుకునేవాడు, ఆయన కింద ఊరి తలారులు. దాంతో శిస్తు కట్టలేని రైతుకీ దొంగ అని అనుమానం పడ్డోడికీ ఒకటే చిత్రహింస. దీని మీద గొడవై కమిషన్ వేస్తే 1855లో రిపోర్ట్ వచ్చింది. చేతివేళ్లని రెండు చెక్కల మధ్య పెట్టి నలిపే కిట్టి, మనిషిని ముందుకి వంచి తాడుతో బిగించి అట్టానే గంటలకొద్దీ ఉంచడం, ఇవన్నీ అందులో రాసున్నాయి. ఆ తర్వాతే 1859లో మద్రాసు పోలీసు చట్టం తెచ్చి పోలీసుని రెవెన్యూ నుంచి విడదీశారు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా పనికిరాదని 1872 సాక్ష్యాల చట్టంలో పెట్టారు కదా, ఆ రూల్ వెనక ఇట్టాంటి చేతివేళ్లు ఎన్నున్నాయో ఒక్కసారి ఆలోచించండి. ఆ చట్టం బదులు వచ్చిన కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో కూడా ఆ రూల్ ఉంది.

నేరం అంటే ఏందో చెప్పింది 1860 నాటి పీనల్ కోడ్. మెకాలే డ్రాఫ్ట్ 1837లోనే రెడీ అయింది, 1862 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. దాని మీద నాకు కోపాలు వేరే ఉన్నాయి గానీ నేరాలకి ఇచ్చిన నిర్వచనాలు మాత్రం చాలా శుభ్రంగా ఉంటాయి. ఒకరి స్వాధీనంలో ఉన్న, కదిలే వస్తువుని, వాళ్ల ఒప్పుదల లేకుండా, దురుద్దేశంతో తీసుకోడానికి కదిలిస్తే అది చోరీ. నేలలో పాతుకున్న చెట్టు అట్టా ఉన్నంతసేపు చోరీ సొత్తు కాదు, దాన్ని నేల నుంచి వేరు చేసిన క్షణం నుంచే అవుతది, అంత వివరంగా రాశారు. చోరీ కోసం కొట్టినా, అప్పటికప్పుడు చంపేస్తామని బెదిరించినా దోపిడీ. అదే దోపిడీ ఐదుగురు లేదా ఎక్కువమంది కలిసి చేస్తే బందిపోటు దోపిడీ, నలుగురే ఉంటే ఆ సెక్షన్ పడదు. హైవే మీద పొద్దుగూకినాక, తెల్లారేలోపు దోపిడీ చేస్తే పద్నాలుగేళ్ల దాకా వెయ్యొచ్చు. వీటిల్లో యాడా కులం లేదు, పుట్టుక లేదు, చేసిన పని ఒక్కటే ఉంది. పీనల్ కోడ్ బదులు 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో నంబర్లు మారాయి, 378, 379 పోయి 303 అయింది, గొలుసు లాక్కెళ్లడం లాంటిదానికి 304 కింద విడిగా ఒక నేరం వచ్చింది, అసలు నిర్వచనాలు మాత్రం పాతవే.

తేడా అంతా అరెస్టు దగ్గర వచ్చింది. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 55వ సెక్షన్ చూడండి, బతుకుతెరువు కనపడనోడినీ, తన సంగతి సరిగ్గా చెప్పుకోలేనోడినీ, ఊర్లో దొంగ అనే పేరున్నోడినీ స్టేషన్ ఆఫీసర్ వారెంట్ లేకుండానే పట్టుకోవచ్చు. పేరుంటే చాలు, పని చేసుండక్కర్లేదు! ఇల్లూ వాకిలీ లేకుండా ఊరూరా తిరిగి బుట్టలు, చాపలు అమ్ముకునేవాళ్లు బతుకుతెరువు ఎట్టా చూపిస్తారు?

ఎరుకలోళ్ల సంగతి ఇంకా ఘోరం. తీరంలో ఉప్పు కొటార్ల నుంచి ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని మెట్ట ఊళ్లకి పోయి ధాన్యం మార్చుకొచ్చే వ్యాపారం వాళ్లది, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, పన్నులు, ఆ తర్వాత రైలు వచ్చేసరికి ఆ బతుకు పోయింది, బతుకు పోగొట్టినోళ్లే వాళ్లని నేరస్తులన్నారు. ఉత్తరాదిలో 1871లో పెట్టిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మార్చి మద్రాసుకీ తెచ్చారు. ఒక కులాన్ని మొత్తంగా నోటిఫై చేస్తారు, అందర్నీ రిజిస్టర్‌లో ఎక్కిస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, ఇక టయానికి పోయి హాజరు వేయించుకోవాల. పక్కూరికి పోవాలన్నా చెప్పి పోవాల. పెళ్లికి పోయినా, కూలికి పోయినా, హాజరు తప్పితే అదే ఒక నేరం. కొన్ని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్లకి తక్కువ వెయ్యకూడదు, మూడోసారి ద్వీపాంతరం, అంటే జీవితాంతం దేశం దాటించడం. అదే పని పక్కింటి వేరే కులమోడు చేస్తే ఇవేమీ లేవు.

సెటిల్‌మెంట్లు, అంటే ఆ కులాలోళ్లని తెచ్చి కాపలాలో పెట్టిన కాలనీలు, అవి కూడా ఈ చట్టం కిందే వచ్చాయి. 1910ల్లో కావలిలో అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ వాళ్లు నడిపారు, బాడెన్ అనే మిషనరీ దాని మేనేజరు, బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్ప, బాపట్ల పక్క సాల్వేషన్ ఆర్మీ వాళ్ల స్టువార్టుపురం కూడా ఆ రకమే. ఇప్పటికీ స్టువార్టుపురం పేరు చెప్తే ఉద్యోగం ఇచ్చేవాడి మొహం మారిపోతదని అక్కడి పిల్లలు అంటుంటే వినడానికే కష్టంగా ఉంటది.

దీని మీద గట్టిగా పనిచేసినోళ్లలో మన నెల్లూరు మనిషి ఉన్నాడు, వెన్నెలకంటి రాఘవయ్య గారు. లాయరు, యానాదుల కోసం జీవితమంతా పెట్టాడు, 1973లో పద్మభూషణ్ ఇచ్చారు, మన కుర్రోళ్లలో చాలామందికి ఆయన పేరే తెలీదు. మద్రాసు రాష్ట్రం 1947లోనే ఆ చట్టాన్ని రద్దు చేసింది. తర్వాత అనంతశయనం అయ్యంగార్ కమిటీ సిఫార్సుతో 1952 ఆగస్టు 31 నుంచి దేశమంతా పోయింది. కానీ మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్తుల చట్టం, అంటే మళ్లీ మళ్లీ నేరం చేసేవాళ్లని చెప్పి కొందరి మీద నిఘా పెట్టే చట్టం, వచ్చేసింది, మన రాష్ట్రంలో 1962లో ఇంకోటి. కులం అనే మాట పోయింది, రిజిస్టర్ మిగిలింది. పాత నేరస్తుల మీద స్టేషన్లో పెట్టే కేడీ షీట్లు, అనుమానం ఉన్నోళ్ల మీద సస్పెక్ట్ షీట్లు, బుద్ధిగా ఉంటానని పూచీ రాయించుకునే బైండోవర్లు, వీటన్నిట్లో ఆ పాత చూపు ఉందనే నేనంటాను.

మార్పు చాలా మెల్లగా వచ్చింది. రాజ్యాంగం 22వ ఆర్టికల్ అరెస్టుకి కారణం చెప్పాలనీ, ప్రయాణం టైమ్ తీసేసి 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలనీ అంది. 1994లో జోగిందర్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, అరెస్టు చేసే పవర్ ఉండటం వేరు, చెయ్యాల్సిన అవసరం ఉండటం వేరు అని చెప్పింది. 1996 డిసెంబర్‌లో డీకే బసు తీర్పు అరెస్ట్ మెమో తెచ్చింది. అది ఒక మామూలు కాయితమే, తేదీ, టైమ్ వేసి, ఇంటోళ్లలో ఒకరు గానీ ఊర్లో పెద్దమనిషి గానీ సాక్షి సంతకం పెట్టి, పట్టుబడినోడు కూడా సంతకం పెట్టాల. ఆ టైమ్ దగ్గరే అంతా ఉంది. మంగళవారం ఎత్తకపోయి గురువారం అరెస్ట్ చూపించే పద్ధతికి అదొక్కటే అడ్డం.

2010 నవంబర్ 1న ఇంకో పెద్ద మార్పు అమల్లోకొచ్చింది, ఏడేళ్ల దాకా శిక్ష పడే కేసుల్లో అరెస్టు అవసరం ఎందుకో రాతలో చూపించాల, అక్కర్లేకపోతే అరెస్టు బదులు, వచ్చి హాజరవ్వమని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 41ఏ సెక్షన్ కింద నోటీసు ఇవ్వాల. పేరుని బట్టి దొంగని పట్టుకునే పాత క్లాజు కూడా అరెస్టు పవర్ ఇచ్చే 41వ సెక్షన్లోంచి అప్పుడే పోయింది. 2014 అర్నేష్ కుమార్ తీర్పు దాన్ని గట్టిగా అమలు చెయ్యమంది. ఆ కోడ్ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇప్పుడది 35వ సెక్షన్. మామూలు చోరీకి మొదటిసారి గరిష్టం మూడేళ్లే, కాబట్టి నోటీసుతో పోయే కేసే ఎక్కువ. రాత్రి పూట దొంగతనానికి కన్నం వేస్తే పద్నాలుగేళ్ల దాకా ఉంది, దానికి ఈ రక్షణ లేదు. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చాలదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

మన విషయానికి అన్నిటికంటే దగ్గరది 2024 అక్టోబర్ 3 నాటి సుకన్య శాంత తీర్పు. అది జైళ్లల్లో కులం లెక్కన పనులు పంచడం మీద వేసిన కేసు, అందులోనే విముక్త జాతులోళ్లని, అంటే ఒకప్పుడు ఆ క్రిమినల్ ట్రైబ్స్ లిస్టులో ఉన్నోళ్లని, ఇష్టమొచ్చినట్టు అరెస్ట్ చెయ్యకుండా పోలీసులు అర్నేష్ కుమార్ రూల్స్ పాటించాలని విడిగా ఆర్డర్ ఉంది. మీ కాలనీలో ఎవర్నన్నా తీసకపోతే లాయరుకి ఫోన్ చేసి ఈ తీర్పు పేరు చెప్పండి, అరెస్ట్ మెమోలో టైమ్ ఎంత వేశారో మీరే చదివి సంతకం పెట్టండి.