బదనిక అంటించేది తేనెపిట్ట కాదు: కొన్ని అపోహలు - వాస్తవాలు

మామిడి, జీడి పూతకొచ్చే వేళకి పర్లాకిమిడి, గుణుపురం వైపు తోటలవాళ్ల నుంచి నాకు ఒకటే ఫిర్యాదు: "ఆ నల్లపిట్టే మాస్టారూ, కొమ్మకొమ్మకీ బదనిక అంటించేస్తంది." బదనిక అంటే చెట్టు కొమ్మ మీద మొలిచి దాని రసం పీల్చి బతికే పరాన్నమొక్క; వాళ్లనే నల్లపిట్ట మగ తేనెపిట్ట. వృక్షశాస్త్రం చెప్పుకు బతికేవాణ్ణి, ఈ మాట వింటే ముందు చిరాకేస్తుంది, తర్వాత జాలేస్తుంది. ఇదే నమ్మి ఒకాయన అప్పుచేసి నైలాన్ వల కట్టించాడు. వలలో చిక్కి తేనెపిట్టలు చచ్చాయి. చెట్టు మీదున్న బదనికను మాత్రం ఎవరూ కోయలేదు, అది మరుసటేడు ఇంకా బలిసింది. పైగా ఆ పిట్టల్ని పట్టడం, చంపడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

తేనెపిట్టకు కావాల్సింది బదనిక పువ్వులోని తేనె. పండు తిని విత్తనం మోసేది వేరే పిట్ట: బూడిదరంగుది, ఎనిమిది సెంటీమీటర్లకు మించదు, ఆకుల్లో కనపడనే కనపడదు. పండు గుజ్జు అరిగినా విత్తనం చుట్టూ బంక పోదు. రెట్టతో పాటు బయటికొచ్చి కొమ్మకు అతుక్కుంటుంది. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ కొంకణంలో ఈ రెండు రకాల పిట్టల పనినీ గమనించి 1931లోనే రాశారు.

"మరి తేనెపిట్టను ఆపితే బదనిక కాయ కట్టదు కదా" అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్నే. కానీ ఆ బూడిదపిట్ట కూడా బదనిక తేనె తాగుతుంది. పైగా పక్క తోట బదనిక పండ్ల విత్తనాలు ఎలాగూ వస్తాయి.

ఆ బదనిక పువ్వును ఒకసారి దగ్గరగా చూడండి. నారింజ రంగు గొట్టం, కాస్త వంకర. ముదిరిన మొగ్గ కొనను పిట్ట ముక్కుతో నొక్కగానే ఠప్పున పగిలి, మొహం మీద పుప్పొడి చిమ్ముతుంది. తేనెటీగకు ఎరుపు సరిగా ఆనదు, పక్షికి బాగా ఆనుతుంది. పక్షులు పూలను వెతికేది కంటితోనే, అందుకే పక్షుల పూలలో చాలావాటికి వాసన ఉండదు. ఎన్నో తరాలుగా పిట్టకు అనువైన పువ్వే ఎక్కువ కాయలు కట్టింది, తేనె అందుకోగలిగిన ముక్కున్న పిట్టే ఎక్కువ పిల్లల్ని పెంచింది. సహపరిణామం అంటే అదే. పువ్వులో దూర్చి దూర్చి ముక్కు సాగిందని నా విద్యార్థులు ఏటా రాస్తారు, ఏటా సున్నా వేస్తాను.

ఇక మిగతా అపోహలు. ఒక పువ్వుకు ఒకే పిట్ట అనేది అరుదు; మోదుగ మీద తేనెపిట్టతో పాటు గోరింకలూ వాలతాయి. పొడవు గొట్టం పువ్వును అడుగున పొడిచి, పుప్పొడి అంటకుండా తేనె దోచుకునే తేనెపిట్టలూ ఉన్నాయి. మన పెరట్లో హమ్మింగ్‌బర్డ్ లేదు, అది అమెరికా ఖండాలది. నల్లపిట్ట, ఛాతీ మీద నల్లచారున్న పసుపుపిట్ట రెండు జాతులు కావు. గూడు కాలం దాటాక మగది వేసే వేషమే ఆ పసుపు.

తోటలవాళ్లకు చెప్పేదిది: బదనిక పూత కనపడగానే, కాయ పండకముందే, అంటుకున్న చోటికి కిందనుంచి కొమ్మతో సహా కోసేయండి. ఆకులు దూస్తే మళ్లీ చిగురిస్తుంది, దాని వేళ్లు కొమ్మ వెంట పాకి ఉంటాయి. పిట్టలకు తిండి పోతుందని బెంగపడేవాళ్లు గట్టు మీద మోదుగను కొట్టకండి, పెరట్లో నాలుగు మందారాలు పెంచండి.