వీపు మీద కుట్లు మానాక మొదలయ్యే పని: స్పైనా బైఫిడాపై అపోహలు, వాస్తవాలు

నేను పిల్లల సర్జన్‌ని. స్పైనా బైఫిడాతో, అంటే వెన్ను సరిగ్గా మూసుకోకుండా, పుట్టిన బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లులు దాదాపు అందరూ ముందుగా అడిగేది ఒకటే: "నా వల్లేనా డాక్టర్ గారూ?"

అపోహ: గ్రహణం రోజు తల్లి బయటికొచ్చింది, కత్తిపీట ముట్టుకుంది.

గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పిండంలో వెన్నుపాము మొదట పల్చటి రేకులా ఉంటుంది. దాని అంచులు మడుచుకుని గొట్టంలా మూసుకుంటాయి. గర్భం నిలిచిన 28 రోజుల్లోపే ఈ పని అయిపోవాలి. ఎక్కడైనా మూసుకోకపోతే అదే స్పైనా బైఫిడా. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అలాంటి తల్లిని ఇంట్లోవాళ్ళు నిందిస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: ఇది రాకుండా ఫోలిక్ యాసిడ్ (ఒక బి విటమిన్) మాత్రలు మూడో నెలలో మొదలుపెడితే చాలు.

పై లెక్క చూస్తే తెలుస్తుంది, అప్పటికే ఆలస్యమైందని. గర్భానికి కనీసం నెల ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. ఇదివరకు ఇలాంటి బిడ్డ పుట్టి ఉంటే డాక్టర్ ఇంకా పెద్ద మోతాదు రాస్తారు. 1991లో వెలువడిన బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనంలో, 4 మిల్లీగ్రాములు వాడిన అలాంటి తల్లులకు మళ్ళీ వచ్చే ప్రమాదం 72 శాతం తగ్గింది. మాత్రలు సరిగ్గా వేసుకున్నా కొందరికి వస్తుంది. అది ఆ తల్లి తప్పు కాదు.

అపోహ: ఆపరేషన్ అయింది, ఇక నయమైనట్టే.

నేను ఎక్కువగా పోరాడేది దీనితోనే. పుట్టిన రెండు మూడు రోజుల్లో వీపు మూసేది ఇన్ఫెక్షన్ లోపలికి పాకకుండా. దెబ్బతిన్న నరాలు దానితో తిరిగిరావు. నడుస్తాడా లేదా అని ఇంటిల్లిపాదికీ టెన్షన్. నా భయం కిడ్నీల మీద, ఎందుకంటే మూత్రాశయాన్ని ఖాళీ చేయించే నరాలూ దెబ్బతింటాయి. "డైపర్ తడుస్తోంది కదండీ" అంటారు. మూత్రాశయం నిండి పొంగి కారినా డైపర్ తడుస్తుంది. లోపల ఒత్తిడి పెరిగి, మూత్రం వెనక్కి ఎక్కి కిడ్నీలను పాడుచేస్తుంది. నొప్పి ఉండదు, బిడ్డ ఏడవదు.

అందుకే సన్నని గొట్టంతో (కేథటర్) మూడు నాలుగు గంటలకోసారి మూత్రం తీయమంటాం. చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుంటే చాలని 1972లో అమెరికా యూరాలజిస్ట్ జాక్ లాపిడెస్ బృందం చూపించింది. "గొట్టం అలవాటు చేస్తే జీవితాంతం అదే గతి" అని పెద్దవాళ్ళు అడ్డుపడతారు. అమ్మా, ఆ గొట్టమే కిడ్నీలను కాపాడుతుంది. ఆరేడేళ్ళు వచ్చేసరికి చాలామంది పిల్లలు సొంతంగా చేసుకోగలరు. ఈ పిల్లలకు లేటెక్స్ (సహజ రబ్బరు) అలర్జీ ఎక్కువ కాబట్టి, లేటెక్స్ లేని కేథటర్ అడిగి తీసుకోండి.

అపోహ: తలలో నీరు చేరితే చదువు రాదు.

ఈ పిల్లల్లో ఎక్కువమంది తెలివి మామూలుగానే ఉంటుంది. కొందరికి లెక్కల్లో, ఏకాగ్రతలో కాస్త సాయం కావాలి. బడిలో చేర్చండి. షంట్ (తలలోని నీటిని బయటికి మళ్ళించే గొట్టం) ఉన్న బిడ్డకు వాంతులు, తలనొప్పి, మగత కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి.

ఇంకొక్క మాట. కాళ్ళలో స్పర్శ లేని బిడ్డకు వేడి తెలియదు. స్నానం నీళ్ళు ముందు మీ మోచేత్తో చూసి, అప్పుడు పోయండి. రోజూ రాత్రి పాదాలు తిప్పి చూడండి, ఎక్కడైనా ఎర్రబడిందేమో.