నొప్పి తగ్గింది సరే, భుజం సిద్ధమైందా? ఆటగాళ్ల భుజం చుట్టూ అపోహలు - వాస్తవాలు

పదహారేళ్ల వాలీబాల్ కుర్రాడు ఒకడు వాళ్ల నాన్నతో కలిసి నా దగ్గరికి వచ్చాడు. నొప్పేమీ లేదు. స్మాష్‌లో జోరు తగ్గిందని కోచ్ పంపించాడట. చొక్కా తీసి వెనక్కి తిరగమన్నాను. ఎడమవైపు రెక్క ఎముక మీద కండ నిండుగా ఉంది. కుడివైపు అదే చోట బొటనవేలు ఆనేంత గుంట పడింది. "ఇది ఎప్పటి నుంచి నాన్నా?" అంటే తండ్రీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నొప్పి లేదు కాబట్టి అటువైపు ఎవరూ చూడలేదు.

రెక్క ఎముక దగ్గర సుప్రాస్కాపులర్ నరం నలిగితే, అది నడిపించే ఇన్‌ఫ్రాస్పైనాటస్ కండ ఇలా కరిగిపోతుంది. వాలీబాల్ వాళ్లలో ఇది బాగా తెలిసిన సమస్యే. చాలామందికి నొప్పే ఉండదు. అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి ఆటగాడికీ ముందుగా చెప్పేది ఒకటే: నొప్పి వేరు, భుజం సత్తా వేరు. రోజూ నేను వినే అపోహల్లో చాలావరకు ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల పుట్టినవే.

అపోహ: నెల రోజులు రెస్ట్ ఇస్తే భుజం దానంతటదే బాగవుతుంది.

రెస్ట్ ఇస్తే నొప్పి తగ్గుతుంది, అది నిజమే. కానీ కండరాలూ, వాటిని ఎముకకు కట్టి ఉంచే టెండన్లూ పని ఉంటేనే గట్టిపడతాయి, పని మానేస్తే బలం తగ్గుతుంది. నెలంతా ఖాళీగా ఉండి, ఆదివారం టోర్నమెంట్ ఉందని శుక్రవారం నెట్స్‌కి వెళ్లి పూర్తి వేగంతో బంతులు వేస్తే భుజం మళ్లీ మొదటికొస్తుంది. నొప్పి తెచ్చే పనిని తగ్గించాలి, మిగతా పని ఆపకూడదు. వ్యాయామం చేసేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకపోతే, మర్నాడు పొద్దుటికి మామూలు స్థాయికి వచ్చేస్తే, ఆ బరువు భుజానికి సరిపోతున్నట్టే.

ఇంకో సంగతి. ఓవర్లు లెక్కపెట్టే కోచ్‌లు మనకు ఉన్నారు గానీ, బౌండరీ నుంచి విసిరే త్రోలను లెక్కపెట్టేవాళ్లు తక్కువ. ఆస్ట్రేలియా క్రికెటర్ల మీద 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, వారానికి 75 త్రోలు దాటినవాళ్లకు గాయాల ముప్పు పెరిగినట్టు తేలింది. జేబులో పట్టే చిన్న పుస్తకంలో రోజూ రాసుకోండి, చాలు.

అపోహ: ఎమ్మారైలో భుజం టెండన్‌కి చిరుగు కనిపిస్తే ఆపరేషన్ తప్పదు.

ఈ రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, భుజంలో ఏ ఇబ్బందీ లేని 20 మంది ఆటగాళ్లకు ఎమ్మారై తీశారు. అందరూ చేయి తలపైకెత్తి ఆడే ఆటలవాళ్లే. వాళ్లలో 8 మందికి, ఆడే చేతి భుజంలో కొద్దిగానో పూర్తిగానో చిరుగు కనిపించింది. రెండో భుజంలో ఎవరికీ లేదు. ఐదేళ్ల తర్వాత అడిగినా ఎవరికీ ఇబ్బంది రాలేదు. కాబట్టి ఫిల్మ్ ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకండి. చేతులతో పరీక్ష చేయించుకున్నాక, రెండూ కలిపి చూడాలి. అయితే కిందపడ్డ వెంటనే చేయి పైకి లేవకుండా పోతే మాత్రం ఆలస్యం వద్దు, ఆ వారంలోనే సర్జన్‌ని కలవండి.

అపోహ: నొప్పి భుజంలో ఉంటే లోపం కూడా భుజంలోనే.

భుజం కీలు గరిటెలో పెట్టిన నిమ్మకాయ లాంటిది. గిన్నె లోతు తక్కువ, బంతి పెద్దది. దాన్ని మధ్యలో పట్టి ఉంచేవి ముఖ్యంగా రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలు. టెన్నిస్ సర్వ్‌లో శక్తి సగానికి పైగా కాళ్లూ నడుమూ ఇచ్చేదే. అవి ఇవ్వకపోతే ఆ భారమంతా ఈ నాలుగింటి మీదే పడుతుంది. ఒక బ్యాడ్మింటన్ అమ్మాయిని ఒంటికాలి మీద సగం కూర్చుని లేవమంటే మోకాలు లోపలికి పడిపోయింది. పాత మడమ బెణుకు సరిగా మానలేదు. ఆ కాలికీ పని చెప్పాకే భుజం కుదుటపడింది.

అపోహ: కబడ్డీలో భుజం జారితే అక్కడే లాగి కూర్చోబెడితే సరి.

దయచేసి ఈ పని చేయొద్దు. చంకలో కాలు పెట్టి లాగే స్నేహితుడి మనసు మంచిదే. కానీ ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రే లేకుండా అతనికి తెలియదు. పక్కనే ఉన్న నరం దెబ్బతిందో లేదో కూడా తెలియదు. చేయి ఉన్న భంగిమలోనే తువ్వాలుతో ఆసరా ఇచ్చి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. భుజం బయటివైపు చర్మం మొద్దుబారినా, వేళ్లు చల్లబడినా ఆ సంగతి డాక్టర్‌కి ముందుగా చెప్పండి.

అసలు సమస్య ఆ తర్వాత మొదలవుతుంది. ఇరవై ఏళ్లలోపు ఒకసారి జారిన భుజం, మళ్లీ కబడ్డీ ఆడితే ఇంకోసారి జారే అవకాశం చాలా ఎక్కువ. కీలు గిన్నె అంచు చుట్టూ ఉండే లేబ్రమ్ అనే మెత్తటి పట్టీ ఊడిపోవడమే దానికి ముఖ్య కారణం. అందుకే మొదటిసారి జారినప్పుడే సర్జన్‌తో మాట్లాడమంటాను. శ్రేయస్ అయ్యర్‌కి 2021 మార్చిలో పుణె వన్డేలో ఎడమ భుజం దెబ్బతింది. ఏప్రిల్‌లో ఆపరేషన్ అయింది, మళ్లీ ఐపీఎల్ మ్యాచ్ ఆడింది సెప్టెంబర్‌లో. అన్ని సదుపాయాలున్న ఆటగాడికే ఆర్నెల్లు పట్టింది. మన కుర్రాళ్లు స్లింగ్ తీసిన మర్నాడే కూతకు వెళ్తామంటారు.

అపోహ: ఒక్క ఇంజెక్షన్‌తో సీజన్ గడిచిపోతుంది.

స్టెరాయిడ్ కొన్ని వారాలు నొప్పి తగ్గిస్తుంది, టెండన్‌కు బలం ఇవ్వదు. పదేపదే తీసుకుంటే టెండన్ బలహీనపడే ప్రమాదం కూడా ఉంది.

అపోహ: చేతులు నాలుగుసార్లు గుండ్రంగా తిప్పితే వార్మప్ అయిపోయినట్టే.

నార్వేలో 660 మంది హ్యాండ్‌బాల్ ఆటగాళ్లతో చేసిన ప్రయోగం 2016లో వచ్చింది. వార్మప్‌లో భాగంగా వారానికి మూడుసార్లు, పదేసి నిమిషాలు భుజం వ్యాయామాలు చేసిన జట్లలో భుజం సమస్యల ముప్పు 28 శాతం తగ్గింది. ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. తువ్వాలు చుట్టి మోచేతికీ నడుముకీ మధ్య పెట్టుకోండి. కిటికీ ఊచకు కట్టిన రబ్బరు బ్యాండ్‌ని బయటికి లాగి, మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. తువ్వాలు జారి పడిందంటే మోచేయి పక్కకు పోతున్నట్టు. పుషప్ పైకి వచ్చాక చేతులు చాచే ఉంచి, వీపును ఇంకొంచెం పైకి నెట్టండి. రెక్క ఎముకను పట్టి ఉంచే కండకు అది మంచి పని.

ఇక ఆ వాలీబాల్ కుర్రాడి సంగతి. ఎమ్మారైలో నరాన్ని నొక్కే నీటితిత్తి ఏమీ లేదు. స్మాష్‌లు తగ్గించి, బ్యాండ్ పని మొదలుపెట్టాం. ఆ గుంట పూర్తిగా పూడుతుందని వాళ్ల నాన్నకు నేను మాట ఇవ్వలేదు. ఆయన మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖున కొడుకుని అదే గోడ ముందు నిలబెట్టి, వీపు ఫోటో తీసి నాకు పంపుతున్నాడు.