కార్డు మీద గీతా అదే, సూదిలో మందూ అదే

హెపటైటిస్-బి టీకా వేయించుకున్న రెండు మూడు రోజులకే ఏ ఆపరేషన్ కోసమో రక్తపరీక్ష చేయించుకుంటే, ఒక్కోసారి రిపోర్టులో ‘హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్’ అని వస్తుంది. టీకాతోనే జబ్బు అంటుకుందని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. నిజానికి అంటుకున్నదేమీ లేదు. పరీక్ష రక్తంలో వెతికే ప్రోటీన్, టీకా సీసాలో ఉండే ప్రోటీన్ ఒకటే. కండలోకి ఎక్కించిన దాంట్లో కాస్త రక్తంలో తిరుగుతూ పరీక్షకు దొరికింది, అంతే. నెల ఆగి మళ్లీ చేయిస్తే కనపడదు.

ఈ ప్రోటీన్ వైరస్ పైతొడుగులోది. 226 అమైనో ఆమ్లాల గొలుసు. అసలు వైరస్ 42 నానోమీటర్లు ఉంటుంది. జబ్బుపడిన కాలేయ కణం మాత్రం దాంతోపాటు 22 నానోమీటర్ల ఖాళీ తొడుగులను అంతకు వేల రెట్లు రక్తంలోకి వదులుతుంది. లోపల డీఎన్ఏ లేదు కనుక వాటితో జబ్బు రాదు. కానీ మన రోగనిరోధక వ్యవస్థ వాటిని గుర్తుపడుతుంది, రక్తపు చుక్క వేసి చూసే పరీక్ష కార్డూ గుర్తుపడుతుంది. అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లంబర్గ్ 1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో గమనించిన ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ ఇదే. ఆయనకు 1976లో నోబెల్ వచ్చింది.

కార్డు పనితీరు తేలికైనదే. రక్తంలోని తొడుగులకు బంగారు రేణువులు తగిలించిన యాంటీబాడీలు అతుక్కుంటాయి. ఆ జంట కాగితం మీద పాకుతూ వెళ్లి ‘టి’ గీత దగ్గర కాచుకున్న మరో యాంటీబాడీకి చిక్కుతుంది. ఎర్ర గీత పడుతుంది. కార్డు సరిగ్గా పనిచేసిందని చెప్పే ‘సి’ గీత రాకపోతే ‘టి’ ఎలా ఉన్నా ఆ కార్డు చెల్లదు. పెట్టె మీద రాసిన సమయం, సాధారణంగా 15-20 నిమిషాలు, దాటాక చదివితే ఆరిపోతున్న కాగితం మీద లేని గీత కనిపించవచ్చు. దీనికి తోడు ఒక విచిత్రం ఉంది: రక్తంలో తొడుగులు మరీ ఎక్కువైతే రెండు యాంటీబాడీలూ విడివిడిగా నిండిపోయి, జంట కుదరక, గీత పాలిపోవచ్చు. జబ్బు అంటిన తొలి వారాల్లోనైతే కార్డుకు అందేంత ప్రోటీన్ ఉండదు. అందుకే అనుమానం ఉన్నచోట కార్డుతో సరిపెట్టుకోకుండా ల్యాబ్‌లో చేసే ఎలిసా పరీక్ష, వైరస్ లోపలి భాగం మీద శరీరం తయారుచేసే యాంటీబాడీని వెతికే కోర్ యాంటీబాడీ పరీక్ష చేయిస్తారు.

టీకా కథ ఇంకా మెలికలు తిరిగింది. ఈ వైరస్ ల్యాబ్ పాత్రల్లో సరిగ్గా పెరగదు. కనుక 1981లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి టీకాను జబ్బు మోస్తున్నవాళ్ల ప్లాస్మా నుంచే తీశారు. ఖాళీ తొడుగులను వడకట్టి, మిగిలిన వైరస్‌ను రసాయనాలతో చంపేవారు. టీకా మంచిదే. కానీ అప్పుడే ఎయిడ్స్ భయం మొదలైంది, పరాయివాళ్ల రక్తంలోంచి తీసిన మందు అంటే జనం జంకారు. దీనికి విరుగుడు ఈస్ట్. తొడుగు ప్రోటీన్ జన్యువు ఒక్కదాన్నే ఈస్ట్ కణంలో పెడితే ఆ ప్రోటీన్ దానంతటదే 22 నానోమీటర్ల రేణువులుగా కుదురుకుంటుంది. వైరస్ ప్రమేయమే లేదు. అమెరికాలో 1986లో ఇలాంటి టీకాకు అనుమతి దొరికింది.

మన దేశంలో దిగుమతి టీకా డోసు వందల రూపాయలు పలుకుతున్న రోజుల్లో, ఇంజినీర్ కె.ఐ. వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. 1997లో షాన్‌వాక్-బి వచ్చింది. అది దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ టీకా, అంటే జన్యువును ఇలా మరో కణంలో పెట్టి చేసిన టీకా. వాళ్లు ఎంచుకున్న ఈస్ట్ పికియా పాస్టోరిస్. దాన్ని ముందు గ్లిజరాల్ మీద దిట్టంగా పెంచి, తర్వాత మెథనాల్ చుక్కలు అందిస్తారు. మెథనాల్ తగిలాకే జన్యువు ముందున్న మీట నొక్కుకుంటుంది, ప్రోటీన్ తయారవుతుంది. చిక్కంతా ఈ దశలోనే. మెథనాల్ తక్కువైతే దిగుబడి పడిపోతుంది. ఎక్కువైతే కణంలో ఫార్మాల్డిహైడ్ పోగుపడి ఈస్ట్ చచ్చిపోతుంది. పైగా మెథనాల్ మండేకొద్దీ ఆక్సిజన్ గిరాకీ, వేడి రెండూ పెరుగుతాయి. గాలి పంపడం, చల్లబరచడం కుంటుపడితే బ్యాచ్ పోయినట్టే. ప్రోటీన్ కణం లోపలే ఉంటుంది కనుక కణాలను పగలగొట్టి, శుద్ధి చేసి, అల్యూమినియం లవణానికి అతికిస్తారు. శరీరం దాన్ని గట్టిగా పట్టించుకునేలా చేసేది ఆ లవణమే.

ఆ లవణమే బలహీనత కూడా. ఈ టీకా వేడిని కొంత ఓర్చుకుంటుంది గాని గడ్డకట్టడాన్ని ఓర్చుకోదు. ఒకసారి గడ్డకడితే లవణం ముద్దలుగా విడిపోతుంది, మందు బలం పోతుంది. సీసా మీది వీవీఎం (వ్యాక్సిన్ వయల్ మానిటర్) గుర్తు వేడిని చూపుతుందే తప్ప చలిని చూపదు. అందుకే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను వెంటనే టీకాల డబ్బాలో పెట్టకూడదు. ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా బయట ఆగాలి. అనుమానం వస్తే, అదే బ్యాచ్ సీసా ఒకటి కావాలని గడ్డకట్టించి కరిగించి, రెండింటినీ ఊపి పక్కపక్కన పెడతారు. గడ్డకట్టినది ముందుగా అడుగుకు దిగిపోతుంది.

పెద్దలకు 20 మైక్రోగ్రాములు, మూడు డోసులు: మొదటిది వేశాక ఒక నెలకు, ఆరు నెలలకు. భుజానికే వేయాలి. పిరుదుకు వేస్తే మందు కొవ్వులో ఉండిపోయి స్పందన తగ్గుతుంది. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు చివరి డోసు తర్వాత నెలా రెండు నెలల్లో యాంటీబాడీ స్థాయి చూపించుకుంటే మంచిది. మిల్లీలీటరుకు 10 మిల్లీ ఐయూ (ఇంటర్నేషనల్ యూనిట్లు) దాటితే చాలు.

చికిత్సలో మాత్రం ఇంత నిక్కచ్చితనం లేదు. టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు వైరస్ కాపీలు తయారుకాకుండా ఆపుతాయి. కాలేయ కణ కేంద్రకంలో చుట్టచుట్టుకున్న దాని డీఎన్ఏను పెకలించలేవు. బాగుందని మధ్యలో మానేస్తే వైరస్ ఉప్పెనలా తిరగబడవచ్చు. మందు పనితీరును తొడుగుతో కాదు, పీసీఆర్‌తో వైరస్ డీఎన్ఏ లెక్కించి తేలుస్తారు. మరి కామెర్లకు పోసే ఆకు పసరుకు పేరెలా వచ్చిందంటారా? పెద్దయ్యాక ఈ వైరస్ సోకినవారిలో నూటికి 95 మందికి పైగా దానంతటదే తగ్గుతుంది. ఆ కీర్తి పసరు ఖాతాలో పడింది.

పుట్టుకతో సోకినవారి సంగతి తలకిందులు: నూటికి 90 మందికి జీవితాంతం ఉండిపోతుంది. కాలేయ క్యాన్సర్ ముప్పు ఎక్కువగా అక్కడినుంచే. తైవాన్ 1984లో శిశువులకు టీకా మొదలుపెట్టాక అక్కడి పిల్లల్లో ఆ క్యాన్సర్ తగ్గింది. కాబట్టి తల్లి పాజిటివ్ అయితే గడియారం చూసుకోవాలి. బిడ్డకు 24 గంటల్లోపు టీకా, వీలైతే 12 గంటల్లోపు 0.5 మిల్లీలీటర్ ఇమ్యునోగ్లోబులిన్ (ముందే తయారైన యాంటీబాడీల మందు) వేస్తారు. రెండూ ఒకే తొడకు వేయరు, ఎందుకంటే ఆ యాంటీబాడీలు పక్కనే ఉన్న టీకా ప్రోటీన్‌ను పట్టేసుకోగలవు. తర్వాత 6, 10, 14 వారాలకు ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకాలో మిగతా డోసులు. బిడ్డకు పరీక్ష 9 నెలలు నిండాకే. అంతకుముందు చేస్తే కనిపించిన యాంటీబాడీలు బిడ్డ సొంతమో, సూదిలో వచ్చినవో తేలదు.