రఫ్ షూటింగ్‌కు తొలి గన్‌డాగ్: అపోహలు - వాస్తవాలు

బ్రిటన్ పల్లెల్లో ఒకరిద్దరు షాట్‌గన్ పట్టుకుని పొలం కంచెల వెంట, చిత్తడి గుంటల పక్కన, ముళ్ళ తుప్పల మధ్య నడుస్తూ వేటాడడాన్ని రఫ్ షూటింగ్ అంటారు. పిట్టల్ని తోలుకొచ్చే మనుషులు ఇందులో ఉండరు. తుప్పలో వెతకడం, ఫెజెంట్ అనే అడవికోడి లాంటి పిట్టనో కుందేలునో లేపడం, పడ్డదాన్ని ఎత్తుకురావడం అన్నీ కుక్క పనే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇలాంటి వేటకు తావివ్వదు. కాబట్టి ఇది అక్కడ స్థిరపడి, పోలీసులిచ్చే షాట్‌గన్ సర్టిఫికెట్టూ భూమి యజమాని అనుమతీ రెండూ ఉన్న మనవాళ్ళ కోసం.

అపోహ: లాబ్రడార్ ఉంటే ఇంకే జాతీ అక్కర్లేదు.

పోలీసు జాగిలం అనగానే మనకు లాబ్రడారే గుర్తొస్తుంది. దాని తెలివికీ ఓపికకూ వంక పెట్టలేం. అయితే లాబ్రడార్ లాంటి రిట్రీవర్ జాతుల్ని, అంటే పడ్డదాన్ని తెచ్చే కుక్కల్ని, తరాలుగా తీర్చిదిద్దింది వేరే పనికి. కదలకుండా కూర్చోవాలి, పిట్ట ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకోవాలి, పంపినప్పుడే వెళ్ళి తేవాలి. ముళ్ళ తుప్ప ఎదురైతే చాలా లాబ్రడార్లు అంచున ఆగి వాసన చూస్తాయి. పని కోసం పెంచిన ఇంగ్లిష్ స్ప్రింగర్ స్పానియల్ తల వంచి లోపలికి దూరిపోతుంది.

మీ నేలలో బాతులు దిగే చెరువులు, కోసిన పొలాలు ఎక్కువైతే లాబ్రడార్ మంచిదే. దాని నూనె పట్టిన రెండు పొరల బొచ్చు చలినీళ్ళకు తట్టుకుంటుంది. బ్రాకెన్ అనే ఫెర్న్ పొదలు, ముళ్ళ కంపలు, దట్టమైన కంచెలే ఎక్కువైతే తొలి కుక్కగా స్ప్రింగర్‌నే తీసుకోమంటాం. నేల చూడకుండా జాతి ఎంచుకోవడం కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే.

అపోహ: కుక్క ఎంత దూరం వెళ్ళి వెతికితే అంత గొప్పది.

షాట్‌గన్‌తో నమ్మకంగా కొట్టగలిగేది 30-35 మీటర్లలోపే. కుక్క 40 మీటర్ల అవతల ఫెజెంట్‌ను లేపితే, మీరు తుపాకీ భుజానికెత్తేలోపు పిట్ట ఇంకో పది మీటర్లు పోతుంది. అప్పుడు పేలిస్తే గాయపరచడమే అవుతుంది. అందుకే స్పానియల్ మీకు అటూ ఇటూ 15-20 మీటర్లలోనే అల్లినట్టు తిరగాలి.

గాలి ఎదురుగా వీస్తుంటే కుక్క మీ ముందు ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకీ మళ్ళుతుంది. ముక్కు నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది, తోక తెంపు లేకుండా ఆడుతుంది. వాసన తగిలిన క్షణం ఆ తోక వేగం ఒక్కసారి పెరుగుతుంది. తుపాకీ సిద్ధం చేసుకోవలసింది అప్పుడే, పిట్ట లేచాక కాదు. గాలి వెనక నుంచి వీచే రోజున అదే కుక్క నేరుగా ముందుకు వెళ్ళి, అక్కడి నుంచి మీవైపు వెతుక్కుంటూ వస్తుంది. కొత్తవాళ్ళు మాట వినడం లేదనుకుని ఈల ఊదేస్తారు. పాపం, అది గాలికి తగ్గట్టు సరిగ్గానే పనిచేస్తోంది. దాని దారి తుపాకీ దూరం దాటనంతవరకు వదిలేయండి.

అపోహ: కాకర్ చిన్నది కాబట్టి సులువు.

స్పానియల్స్‌లోనే చిన్న జాతి కాకర్. పని కోసం పెంచిన వర్కింగ్ కాకర్ 12-15 కిలోలుంటుంది. కిలోన్నర ఫెజెంట్ పుంజును ఇబ్బంది లేకుండా మోసుకొస్తుంది. మూడు నాలుగు కిలోల హేర్, అంటే పెద్ద జాతి కుందేలు, అయితే కష్టపడుతుంది. అసలు చిక్కు బరువుతో కాదు, దాని సొంత బుద్ధితోనే. కుందేలు కదిలితే మీ ఈల కన్నా అదే ముఖ్యమనుకునే కాకర్లు చాలా. ఆపే ఈలకు కూర్చోవడం గట్టిగా నేర్పనిదే కుందేళ్ళున్న నేలకు తీసుకెళ్ళొద్దు. గొర్రెల జోలికి వెళ్ళిందంటే కుక్కల నుంచి పశువులను కాపాడే 1953 చట్టం ప్రకారం నేరం మీ మీదకొస్తుంది.

అపోహ: వెతకడం, పాయింట్ చేయడం (పిట్ట వాసన తగలగానే కదలకుండా నిలబడి చూపడం), తేవడం మూడూ చేసే జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ లాంటిదే తొలి కుక్కగా లాభం.

పిట్టలు పలచగా ఉండే విశాలమైన బయలు నేలల్లో ఇవి అద్భుతం. ఇరుకైన కంచెల్లో ఫెజెంట్ పరుగు తీస్తుంటే పాయింట్ నిలవదు, ఇంత దూరం తిరిగే కుక్కను దగ్గర ఉంచడానికే మీ రోజంతా పోతుంది. పైగా ఎదుగుదల ఆలస్యం. రెండో కుక్కగా ఆలోచించండి.

అపోహ: జాతి కుక్కల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ కాగితాలుంటే పని వచ్చినట్టే.

కాగితం చెప్పేది జాతి శుద్ధిని మాత్రమే. అదే జాతిలో షోల కోసం పెంచిన వంశం, పని కోసం పెంచిన వంశం చూడ్డానికే వేరుగా ఉంటాయి. వంశవృక్షంలో దగ్గరి రెండు తరాల్లో ఎఫ్‌టీసీహెచ్, అంటే వేటకుక్కల పని పోటీల్లో గెలిచిన ఫీల్డ్ ట్రయల్ చాంపియన్, అన్న గుర్తు ఎక్కడుందో చూడండి. ఐదో తరంలో ఒక్కటుంటే దానికి విలువ తక్కువ. అలాగని తల్లీ తండ్రీ ఇద్దరూ చాంపియన్లయిన పిల్ల కోసం ఎగబడొద్దు. ఆ వేగం, ఆ ఉడుకు కొత్త చేతికి లొంగవు. తల్లిని పొలంలో పనిచేస్తుండగా చూపించమని అడగండి. అది నిదానంగా ఉండి, పిలవగానే వచ్చి, తెచ్చిన పిట్టను నలపకుండా చేతికిస్తే అదే మీకు కావలసిన వంశం.

ఆరోగ్య పరీక్షల కాగితాలు మాత్రం తప్పనిసరి. తుంటి ఎక్స్‌రే స్కోరు 0 నుంచి 106 దాకా ఉంటుంది, ఎంత తక్కువైతే అంత మంచిది. మోచేతి గ్రేడు 0 ఉండాలి. లాబ్రడార్లలో ఈఐసీ అనే జన్యులోపం ఉంటే గట్టిగా పరుగెత్తాక వెనక కాళ్ళు కూలబడతాయి. తల్లిదండ్రుల్లో ఒకటి పూర్తిగా క్లియర్ అయితే ఏ పిల్లకూ ఆ జబ్బు రాదు. రెండూ క్యారియర్లయితే, అంటే జబ్బు లేకుండా లోపాన్ని మోసేవయితే, సగటున నాలుగింట ఒక పిల్లకు వస్తుంది. స్ప్రింగర్‌కు నరాలను దెబ్బతీసే ఫ్యూకోసిడోసిస్, కాకర్‌కు కిడ్నీలను దెబ్బతీసే ఎఫ్‌ఎన్ పరీక్షలు అడగండి.

అపోహ: మొక్కై వంగనిది మానై వంగదు కాబట్టి ఆరు నెలలకే వేటకు తీసుకెళ్ళాలి.

కూర్చోవడం, పిలిస్తే రావడం చిన్నప్పుడే నేర్పాలి, రోజుకు రెండుసార్లు పది నిమిషాలు చాలు. వేట వేరు. ఫెజెంట్ సీజన్ అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 వరకు. మార్చిలో పుట్టిన పిల్లను ఆ అక్టోబరులో ఇంట్లోనే ఉంచి, మరుసటి అక్టోబరులో, అంటే 19వ నెలలో, దించాలి. ఎముకల ఎదుగుదల పూర్తికాకముందు గోడలు, కంచెలు దూకిస్తే కీళ్ళు పాడవుతాయి.

ఈలకు ఒక పొడుగు ఊదు కూర్చో, రెండు పొట్టివి మళ్ళు, వరసగా పొట్టివి వచ్చేయ్. ఏక్మీ కంపెనీ ఈలల్లో 210½ నంబరు స్పానియల్స్‌కు, 211½ రిట్రీవర్లకు వాడుక. ఒక్కో నంబరు ఈల స్వరం మారదు కాబట్టి ఒకటి పారేసుకున్నా అదే నంబరుది ఇంకొకటి కొంటే కుక్కకు తేడా తెలియదు. శిక్షణలో పిట్టకు బదులు వాడే డమ్మీ విసిరిన ప్రతిసారీ పంపొద్దు. సగం సార్లు మీరే నడిచి వెళ్ళి తెచ్చుకోండి, లేకపోతే తుపాకీ పేలగానే పరుగు తీయడం అలవాటవుతుంది.

అపోహ: కాల్పుల మైదానానికి తీసుకెళ్తే తుపాకీ భయం పోతుంది.

అక్కడే పట్టుకుంటుంది. వంద మీటర్ల అవతల శబ్దం మాత్రమే చేసే చిన్న స్టార్టింగ్ పిస్టల్‌తో, కుక్క ఆటలోనో తిండిలోనో ఉన్నప్పుడు మొదలుపెట్టి, వారాల తరబడి దగ్గరకు రావాలి. చెవులు వెనక్కి వాలితే ఆ రోజుకు ఆపేయండి.

అపోహ: శిక్షణ పొందిన కుక్కను కొనడం డబ్బు దండగ.

మీకు రోజూ అరగంట కూడా చిక్కదంటే సగం శిక్షణ అయిన ఏడాదిన్నర కుక్కే సరైన దారి. అమ్మేవాళ్ళ సొంత పొలంలో చూసి తృప్తిపడొద్దు. అది ఎన్నడూ చూడని నేలకు తీసుకెళ్ళి, తుప్పలోకి పంపి, మధ్యలో ఆపే ఈల ఊదమనండి. తర్వాత తుపాకీ పేల్చమని, డమ్మీ పడ్డా కుక్క కూర్చునే ఉందో లేదో చూడండి. ఆఖరున నోట్లోంచి డమ్మీ మీరే అందుకోండి. లాగాల్సి వస్తే, పళ్ళ గుర్తులు పడితే, ధర ఎంత తగ్గించినా వద్దనండి.