టవర్‌కూ మేడకూ మధ్య ఏముంది?

మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో ఏ పీజీ మేడ ఎక్కి చూసినా నీళ్ల ట్యాంకు పక్కన ఇనుప గొట్టానికి బిగించిన తెల్ల పెట్టెలు కనిపిస్తాయి, తీగ లేకుండా ఇంటర్నెట్ తెచ్చేవి. చూపుకు అన్నీ ఒకటే. కానీ వాటిలో ఒకటి 5జీ టవర్‌తో మాట్లాడుతుంది. దాని పక్కది లైసెన్సు అక్కర్లేని 5 గిగాహెర్ట్జ్ తరంగాలతో వీధి చివరి అపార్ట్‌మెంటు మీదున్న మరో రేడియోతో మాట్లాడుతుంది. మొదటిదాన్ని 5జీ ఎఫ్‌డబ్ల్యూఏ (ఫిక్స్‌డ్ వైర్‌లెస్ యాక్సెస్) అంటారు, రెండోదాన్ని యూబీఆర్ (లైసెన్సు అక్కర్లేని బ్యాండు రేడియో). రెండూ ఒకే పథకం పేరుతో రావచ్చు. రాత్రి తొమ్మిదింటికి వాటి తీరు మాత్రం వేరు.

మేడల మీద ఇలాంటి పోటీ బెంగళూరు ఇంతకు ముందూ చూసింది. 2008లో టాటా కమ్యూనికేషన్స్ ఇక్కడ వైమాక్స్ అనే వైర్‌లెస్ ఇంటర్నెట్ సేవ మొదలుపెట్టింది. అప్పటికి దాని పోటీదారు ఎల్‌టీఈ, అంటే మనం 4జీ అనేది, ఇంకా కాగితాల మీదే ఉంది. ఎల్‌టీఈ మొదటి ప్రమాణం ఖరారైంది ఆ ఏడాది చివర్లో, వాణిజ్య సేవ మొదలైంది 2009 డిసెంబరులో, స్టాక్‌హోమ్, ఓస్లో నగరాల్లో. ముందు పుట్టింది వైమాక్సే. ఇంటెల్ అండ కూడా దానికే ఉంది. అయినా అదే ఓడిపోయింది.

ఓడింది రేడియో బాగోలేక కాదు. రెండింటి మూలసూత్రం ఒకటే: స్పెక్ట్రమ్‌ను, అంటే తమకు దక్కిన తరంగాల పట్టీని, వందల సన్న పాయలుగా చీల్చి, ఏ క్షణానికి ఏ పాయ ఎవరికి ఇవ్వాలో టవర్ నిర్ణయించడం. తేడా ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే దారిలో ఉంది. ఆ దారిలోనూ వైమాక్స్ పాయల పద్ధతినే వాడింది. చాలా పాయలు కలిసినప్పుడు తరంగం అప్పుడప్పుడు ఒక్కసారిగా ఎత్తుకు లేస్తుంది. ఆ శిఖరాలను తట్టుకోవాలంటే ఫోన్‌లోని యాంప్లిఫయర్‌ను తన శక్తి కన్నా బాగా కిందే నడపాలి, దాంతో బ్యాటరీ వృథా అవుతుంది. ఎల్‌టీఈ రూపకర్తలు ఆ దారికి శిఖరాలు తక్కువగా ఉండే వేరే పద్ధతి ఎంచుకున్నారు. మేడ మీద కరెంటుతో నడిచే పెట్టెకు ఇది పట్టింపే కాదు. జేబులో ఫోన్‌కు మాత్రం ప్రాణం.

అంతకన్నా పెద్ద కారణం వంశం. ఎల్‌టీఈ 2జీ, 3జీ ఫోన్ల జీఎస్‌ఎం కుటుంబంలో పుట్టింది. సిమ్, రోమింగ్, 4జీ అందని చోట 3జీకో 2జీకో జారుకునే వీలు, అన్నీ పుట్టుకతోనే వచ్చాయి. చైనా మొబైల్ లాంటి భారీ సంస్థ టీడీ-ఎల్‌టీఈ (ఎగువకూ దిగువకూ ఒకే బ్యాండును వంతులవారీగా వాడే ఎల్‌టీఈ రకం) వైపు నిలబడేసరికి చిప్పులు తయారుచేసేవాళ్లంతా అటే కదిలారు. రష్యాలో యోటా 2010లో, అమెరికాలో స్ప్రింట్ 2011లో ఎల్‌టీఈకి మారతామని ప్రకటించాయి. ధర తగ్గేది లక్షల్లో కాదు, కోట్లలో తయారయ్యే చిప్పుకే. నా దృష్టిలో వైమాక్స్ కథ అంతా ఈ ఒక్క మాటలో ఉంది.

మన దేశంలో ఈ పోటీ తేలిపోయింది 2010 జూన్‌లో. 2300 మెగాహెర్ట్జ్ బ్యాండు వేలంలో ఏ సాంకేతికత వాడాలన్న షరతు లేదు. దేశమంతటికీ 20 మెగాహెర్ట్జ్ ధర దాదాపు 12,848 కోట్లు పలికింది. ఢిల్లీ, ముంబై, హరియాణా, కేరళ సర్కిళ్లను చిప్పుల సంస్థ క్వాల్‌కామే కొనుక్కుంది. ఆ తరంగాల మీద నడవబోయేది టీడీ-ఎల్‌టీఈ అని దాంతోనే తేలిపోయింది. ఎయిర్‌టెల్ 2012 ఏప్రిల్‌లో కోల్‌కతాలో, మే నెలలో బెంగళూరులో 4జీ మొదలుపెట్టింది. అదీ మొదట్లో డాంగిల్‌గా, ఇంట్లో పెట్టుకునే మోడెమ్‌గానే వచ్చింది.

5జీకీ యూబీఆర్‌కూ మధ్య ఇప్పటి పోటీలో లెక్కలు వేరు. 2022 వేలంలో 3300 మెగాహెర్ట్జ్ బ్యాండులో 100 మెగాహెర్ట్జ్, 26 గిగాహెర్ట్జ్‌లో 800 నుంచి 1000 మెగాహెర్ట్జ్ పెద్ద సంస్థల చేతికి వచ్చాయి. 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్‌ను ప్రభుత్వం 2018 అక్టోబరులోనే లైసెన్సు లేకుండా వదిలింది. అక్కడ వేలం సొమ్ము కట్టక్కర్లేదు. అందుకే యూబీఆర్ చవక. కానీ ఆ తరంగాలను ఎవరైనా వాడవచ్చు, చుట్టుపక్కల ఫ్లాట్లలోని వైఫై రౌటర్లతో సహా.

యూబీఆర్‌కు చూపు సూటిగా కావాలి. మేడ మీంచి ఎదుటి రేడియో కంటికి కనిపిస్తే చాలదు, ఆ గీత చుట్టూ కూడా ఖాళీ ఉండాలి. 5.8 గిగాహెర్ట్జ్‌లో ఒక కిలోమీటరు దూరానికి మధ్యలో ఆ ఖాళీ వ్యాసార్ధం 3.6 మీటర్లు. అందులో 60 శాతం, అంటే రెండు మీటర్లకు పైగా, అడ్డు లేకుండా ఉండి తీరాలి. జనవరిలో మోడువారిన చెట్టు పక్కనుంచి చక్కగా పనిచేసిన లింకు, మేలో ఆ చెట్టు చిగురించి మామిడి జల్లులకు (వేసవి వానలకు) తడిసేసరికి తడబడుతుంది. నిద్రగన్నేర్లూ తురాయిలూ నిండిన ఈ ఊళ్లో సాంకేతిక నిపుణుడు మొదట చూడాల్సింది మీటరు కాదు, చెట్టు.

వానను మాత్రం ఎక్కువగా నిందిస్తారు. 5 గిగాహెర్ట్జ్ దగ్గర వాన ప్రభావం లెక్కలోకి రాదు. 26 గిగాహెర్ట్జ్ దగ్గర గంటకు 50 మిల్లీమీటర్ల జోరువానలో కిలోమీటరుకు సుమారు 8 డెసిబెల్స్ పోతాయి, అంటే సిగ్నల్ ఆరో వంతుకు పడుతుంది. కానీ టవర్ 300 మీటర్లలో ఉంటే పోయేది రెండున్నర డెసిబెల్సే. అసలు శత్రువులు తడి ఆకులు, కాంక్రీటు, ఐటీ భవనాలకు వాడే లోహపు పూత అద్దం. ఆ అద్దం ఒక్కటే 20 డెసిబెల్స్‌కు పైగా మింగేస్తుంది, అంటే నూటికి ఒక వంతు కూడా లోపలికి రాదు. 5జీ పెట్టెను కిటికీ లోపల కాకుండా మేడ మీద పెట్టమనేది ఇందుకే.

బిగించేటప్పుడు పెట్టె యాప్‌లో రెండు అంకెలు చూడాలి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ సిగ్నల్ బలం చెబుతుంది: మైనస్ 80 మంచిది, మైనస్ 110 బలహీనం. ఎస్‌ఐఎన్‌ఆర్ స్వచ్ఛత చెబుతుంది: 20 దాటితే చాలా బాగు, 5 కన్నా తక్కువైతే అవస్థ. స్వచ్ఛతదే పైచేయి. బలం ఎక్కువున్నా రెండు టవర్ల మధ్య నలిగే చోటు కన్నా, కాస్త బలం తగ్గినా ఒకే టవర్ స్పష్టంగా వినిపించే మూల మేలు. అందుకే పెట్టెను పది పది డిగ్రీలు తిప్పుతూ, తిప్పినప్పుడల్లా ఒక నిమిషం ఆగి, అంకెలు రాసుకోవాలి. యూబీఆర్ యాంటెన్నా కిరణం ఇంకా సన్నం. పది డిగ్రీల వెడల్పు కిరణమైతే అయిదు డిగ్రీలు పక్కకు జరిగినా శక్తి సగమవుతుంది. గొట్టం గాలికి ఊగకూడదు.

కేబుల్ దగ్గర చాలామంది మోసపోతారు. కరెంటు కూడా అదే తీగలో పైకి వెళ్తుంది కాబట్టి అసలు రాగి క్యాట్-6 కావాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు. పొడవు పెరిగితే పెట్టెకు వోల్టేజీ చాలక దానంతటదే రీస్టార్ట్ అవుతుంటుంది, నింద నెట్‌వర్క్ మీద పడుతుంది. పెట్టెలోకి వెళ్లేముందు తీగను కిందికి వంపు తిప్పాలి, నీళ్లు ఆ వంపులోంచి కారిపోతాయి. కరెంటు పోయినప్పటి సంగతీ ఉంది. రౌటర్‌కు మాత్రమే చిన్న యూపీఎస్ పెడితే వైఫై వెలుగుతుంది కానీ నెట్ రాదు. మేడ మీది పెట్టెకు కరెంటు పంపే అడాప్టర్‌ను కూడా యూపీఎస్‌కే కలపాలి.

ఇక రాత్రి తొమ్మిది. 100 మెగాహెర్ట్జ్ 5జీ సెక్టారులో, అంటే టవర్ ఒక దిక్కుకు సేవ అందించే భాగంలో, సమయాన్ని పది ముక్కలు చేస్తే ఏడెనిమిది మనవైపు దిగడానికి, రెండే ఎగువకు. మీటింగులో మన వీడియో అవతలివాళ్లకు ముక్కలవడానికి ఇదీ ఒక కారణం. సగటున హెర్ట్జ్‌కు 6 బిట్లు వస్తాయనుకుంటే దిగువకు దక్కేది సెకనుకు 450 మెగాబిట్లు. ఒక్కో 4కే వీడియోకు 25 మెగాబిట్లు అనుకున్నా 18 ఇళ్లతో సెక్టారు నిండుతుంది. ఒక పెద్ద పీజీ ఒక్కటే చాలు దాన్ని నింపడానికి.

కాబట్టి కనెక్షన్ తీసుకున్న వారంలోనే రెండు వేళల్లో కొలవాలి: ఉదయం ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి, ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు తీగతో కలిపి. తీగ మీద వేగం బాగుండి గదిలో లేకపోతే లోపం ఇంటి వైఫైది. రెండు వేళల్లోనూ తక్కువే ఉంటే పెట్టె దిశనో తీగనో చూడాలి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ మారకుండా రాత్రి వేగం మాత్రమే పడిపోతే సెక్టారు నిండిందని అర్థం. అప్పుడు పెట్టెను ఎంత తిప్పినా లాభం లేదు. ఆ అంకెలు చూపించి వేరే సెక్టారుకు మార్చమనాలి, లేదా వీధిలోకి ఫైబర్ వచ్చిందేమో కనుక్కోవాలి.